బీచ్ రోడ్డులో మల్లుడు

చోడవరం నుండి సబ్బవరం మీదుగా విశాఖ వెళ్లినప్పుడు, బీచ్ రోడ్డులో కోడి రామమూర్తి నాయుడు గారి విగ్రహం వద్ద కాసేపు ఆగండి. వీరఘట్టంలో పుట్టి, విజయనగరంలో సాము నేర్చి, సొంత సర్కస్ నడిపిన మల్లుడాయన. ఛాతీకి చుట్టిన ఇనుప గొలుసును ఊపిరి బిగించి తెంపేవారు, ఎదపై ఏనుగును నిలిపేవారు.

జపానులో సుమో మల్లుల బొమ్మలు చెక్కపై చెక్కి, కాగితంపై అచ్చువేసి అమ్మేవారు. 1700ల చివర షున్‌షో అనే చిత్రకారుడు వాటికి పేరు తెచ్చాడు. మన మల్లుని కథ మాత్రం ఎక్కువగా తాతల నోటనే నిలిచింది. అందుకే కాబోలు, అందరూ ఏనుగు దాకా చెప్పి ఆపేస్తారు. కాలికి పుండు లేచి, చివరకు ఆ కాలే తీసివేయవలసి వచ్చింది. 1942లో కన్నుమూశారు. మీ పిల్లలకు ఏనుగు సంగతితోపాటు ఆ కాలి సంగతి కూడా చెప్పండి.