మా ఇంటి భోషాణం

మా తాతగారి కాలంలో ఇంట ఒక భోషాణం ఉండేది. పొలం దస్తావేజులు, నిఖానామాలు, ఉత్తరాలు అన్నీ అందులోనే. తాళంచెవి దాదీమా కొంగున ఉన్నా, ఇంటిల్లిపాదికీ అందులో వాటా ఉండేది. నేడు మా పత్రాలు, ఛాయాచిత్రాలు తలకొక సెల్‌ఫోనులో చెల్లాచెదురైపోయాయి.

రెండేళ్ళ క్రితం నా లాప్‌టాప్ డిస్కు హఠాత్తుగా చెడిపోయింది. మర్‌హూం అబ్బాజాన్ కంఠస్వరం గల పదకొండు రికార్డింగులలో నాలుగు దానితోపాటే పోయాయి. మిగిలిన ఏడూ తమ్ముని ఫోనులో ఉండబట్టి దక్కాయి. ఇంటికంతటికీ ఒక ఉమ్మడి నిల్వ ఉండాలని ఆనాడే నిశ్చయించుకున్నాను.

మూడు మార్గాలు కనిపించాయి. రౌటరుకు ఒక యు.ఎస్.బి. డిస్కు తగిలించడం మొదటిది. ఖర్చు స్వల్పమే, కాని ఆ ఒక్క డిస్కు చెడితే సర్వమూ నష్టమే. దూరాన ఉన్న సర్వర్లలో చోటు అద్దెకు తీసుకోవడం రెండవది. అద్దె ఎడతెగక కట్టాలి; ఇంటర్నెట్ లేని పూట వస్తువు చేతికందదు. ఇంటి నెట్‌వర్కుకు నేరుగా కలిపే ‘నాస్’ పెట్టె మూడవది.

రెండు డిస్కుల పెట్టెనే ఎన్నుకున్నాము. ఒకదానిలో వ్రాసినది వెంటనే రెండవదానిలోనూ ప్రతిబింబిస్తుంది. దీనిని ‘రెయిడ్ 1’ అంటారు. చవక డిస్కులను జతపరచే ఈ పద్ధతులకు ‘రెయిడ్’ అన్న పేరును 1988లో బర్క్‌లీ విశ్వవిద్యాలయానికి చెందిన ప్యాటర్సన్, గిబ్సన్, కాట్జ్ తమ పరిశోధన పత్రంలో ప్రతిపాదించారు. నాలుగేసి టెరాబైట్ల డిస్కులు రెండు పెట్టినా దక్కే చోటు నాలుగే. తక్కినది భద్రతకు చెల్లించే మూల్యం.

“రెండు డిస్కులున్నాయి గదా భాయ్‌జాన్, ఇక భయమేమి?” అన్నాడు తమ్ముడు. తన ఫోనులోని రికార్డింగులను పెట్టెలో చేర్చి, ఫోనులోనివి తీసివేశాడు. నేనూ వారించలేదు.

ఒక సెలవునాడు మా చిన్నవాడు సినిమాలకు చోటు చాలక ఒక ఫోల్డరు తుడిచివేశాడు. అబ్బాజాన్ కంఠం అందులోనే ఉన్నది. అద్దం తన ధర్మం తాను నెరవేర్చింది. రెండవ డిస్కులోనూ అదే క్షణాన తుడిచివేసింది. తుడిచినవాటిని కొన్నాళ్ళు దాచే సదుపాయం పెట్టెలో ఉన్నా మేము అమర్చుకోలేదు.

కర్నూలులోని మా ఆపా ఆ సాయంత్రం ఫోనులో నా దుఃఖం విని, “ఈద్‌కు నువ్విచ్చిన పాత డిస్కు నా బీరువాలోనే ఉంది కదా తమ్ముడూ!” అన్నది. ఏడూ అందులో ఉన్నాయి.

డిస్కు చెడినప్పుడు అద్దం ఆదుకుంటుంది. మనిషి పొరబడినప్పుడు, దొంగ వచ్చినప్పుడు, నిప్పంటుకున్నప్పుడు వేరుచోట దాచిన ప్రతి మాత్రమే ఆదుకుంటుంది. ఇప్పుడు మా పెట్టెలో పిల్లలకు చూచే అధికారమే గాని తుడిచే అధికారం లేదు. ప్రతి నెలా ఒక ప్రతి ఆపా ఇంటికి చేరుతుంది.

విద్యార్థి మిత్రులారా! ఈ సెలవులలో మీ పెద్దల మాటలను రికార్డు చేయండి. ఆ పిదప ఒక ప్రతిని మరొక ఇంట దాచండి. నేను పోగొట్టుకున్న ఆ నాలుగింటిని ఏ పెట్టే తిరిగి ఇవ్వలేకపోయింది.