ఉద్దానయాత్ర

సంక్రాంతి సెలవులలో మావారితోగూడ మేము శ్రీకాకుళము జిల్లాలోని ఉద్దానమునకు పోయితిమి. పలాసలో రైలు దిగి కవిటి దిక్కుగా సాగినకొలది త్రోవకిరువైపుల కొబ్బరి, జీడిమామిడి, పనసతోటలే. ఉద్యానమను మాటయే ఉద్దానమైనదందురు. అట్టి పచ్చని సీమను మూత్రపిండవ్యాధి యేండ్లతరబడి పీడించుచున్నది. మూలమేదో పండితులింకను నిశ్చయింపలేదు. 2023 డిసెంబరున పలాసలో 200 పడకల ఆసుపత్రియు, పరిశోధనకేంద్రమును వెలసినవి.

మేము బసచేసిన యింటి యిల్లాలు వారమునకు మూడుమార్లు డయాలిసిస్‌కు పోవును. ప్రతిమారును నాలుగు గంటలు. నడుమ దినములలో రక్తమున పొటాషియము పెరిగినచో గుండె ఆగవచ్చును. కొబ్బరినీరు, పనసతొనలు, జీడిపప్పు దానికి నిలయములు. “మా పెరటి ఫలమే మాకు పగయైనదమ్మా” యని యామె నవ్వినది. మాకు నవ్వు రాలేదు.

ఆమె కూరగాయల చెక్కుతీసి, సన్నగా తరిగి, విస్తారమైన నీట నుడికించి, ఆ నీటిని పారబోయును. ఉప్పు తగ్గించి ధనియాలపొడి చల్లును. ఊరగాయలు, ఎండుచేపలు మానినది. ఉప్పునకు బదులుగా నమ్మెడి పొటాషియపు లవణమును దరిజేరనీయదు. త్రాగునీటిని ఉదయమే కొలిచి యుంచుకొనును. పూర్వము మాంసకృత్తులు తగ్గింపుమన్న వైద్యులే యిప్పుడు గ్రుడ్డు తెల్లసొన తినుమనిరట. డయాలిసిస్‌లో కొంత మాంసకృత్తు నష్టమగునుగదా!

చూడవచ్చిన చుట్టములకును, రోగులకును బోండము కొట్టియిచ్చుట అచ్చటి మర్యాద. ప్రేమతో నిచ్చినదే ప్రాణాపాయము కావచ్చును. కావున సోదరీమణులారా, రోగిని చూడబోవునప్పుడు ఫలములకు ముందు పథ్యమునడుగుడు. ఎవరి కొలత వారికి వైద్యులే నిర్ణయింపవలెను.