కలకత్తా నగరమున యూద మందిరములు

కలకత్తా నగరమున, కానింగు వీథియు బ్రేబోర్ను రోడ్డును కలియు కూడలి యొద్ద, తాళపుకప్పలు, గొడుగులు, చేతిసంచులు, ప్లాస్టిక్ సామానులు అమ్ము అంగళ్లు ఒకదానినొకటి ఒరసికొని నిలిచిన చోట, వాని వెనుక నొక ఇనుప ద్వారము కలదు. ఎఱిగినవారు తప్ప దారిన బోవువారు దానిని చూడజాలరు. కాని నాలుగడుగులు వెనుకకు వేసి తలయెత్తినచో ఎఱ్ఱని ఇటుకలతో కట్టిన గడియారపు గోపురమొకటి కనబడును. ఆ శిఖరమును బట్టి కొత్తవాడు దానిని క్రైస్తవ దేవాలయమని తలచుట సహజము. ప్రక్కనే పోర్చుగీసు చర్చి యుండుటచే ఆ భ్రాంతి మఱింత బలపడును. అది 1884లో ఎలియాస్ డేవిడ్ జోసెఫ్ ఎజ్రా అను వర్తకప్రభువు తన తండ్రి జ్ఞాపకార్థము కట్టించిన మాగెన్ డేవిడ్ అను యూద సమాజమందిరము. అదే ఆవరణలో నెవే షాలోమ్ అను మఱియొక మందిరమును, కొలది దూరమున పోలక్ వీథిలో 1856 నాటి బెత్ ఎల్ మందిరమును ఉన్నవి.

గుర్తింపు కార్డు చూపి, పుస్తకమున పేరు వ్రాసి, అచ్చట ఇచ్చిన చిన్న గుడ్డటోపీని తలపై నుంచుకొని లోనికి ప్రవేశించితిని. యూదమందిరమున పురుషుడు శిరస్సు కప్పుకొనకుండ నిలువరాదు. వీథిలోని కోలాహలము గోడల వెనుక నుండిపోయినది. నలుపు తెలుపు పాలరాతి పలకలు పరచిన నేల, ఆకులును పువ్వులును చెక్కిన శిరోభాగములతో మిద్దెవసారాను మోయుచున్న స్తంభముల వరుసలు, రంగుటద్దముల గవాక్షముల నుండి నేలపై పడుచున్న వెలుతురు, పైనుండి వ్రేలాడు గాజుదీపముల గుత్తులు: చూచుకొలది చూపు తనంత తానే ముందునకు పోయి, ధర్మశాస్త్ర గ్రంథములను భద్రపఱచు గర్భగృహము మీది అర్ధగోళాకారపు కప్పున నిలుచును. ఆ కప్పునకు నీలవర్ణము పూసి, దానిపై బంగారు నక్షత్రములను దట్టముగా పొదిగించిరి. మనము విగ్రహమును దర్శింప గర్భగుడి ముందు నిలుతుము. ఇచ్చట విగ్రహమన్న మాటయే లేదు. పశుచర్మముపై చేతితో వ్రాసిన గ్రంథమే సర్వస్వము. ఇచ్చటి యూదులు అనుసరించు బాగ్దాదు సంప్రదాయమున ఆ గ్రంథపు చుట్టలను నిలువుగా నుండు గుండ్రని కొయ్యపెట్టెలలో నుంచి, పెట్టె తెఱచి నిలువుననే పఠింతురు. ఒక్క యక్షరము చెడినను, దానిని సరిచేయు వఱకు ఆ ప్రతి పఠనమునకు పనికిరాదు. మందిర మధ్యమున ఎత్తైన వేదిక కలదు. పఠించువాడు జనుల నడుమ నిలిచి చదువును. స్త్రీలు మిద్దెవసారా నుండి విందురు.

అచ్చట ఒక వృద్ధుడు ఇత్తడి దీపస్తంభమును గుడ్డతో తోముచుండెను. ఆయన మహమ్మదీయుడు, స్వస్థలము ఒడిశా. ఈ మందిరముల కాపరులు తరతరములుగ ఆ ప్రాంతపు ముస్లిము కుటుంబములవారే. “చాచాజీ, తమరీ పనిలో ఎంతకాలముగా నున్నారు?” అని హిందీలో నడిగితిని. “నాకంటె ముందు మా నాయన, ఆయనకు ముందు మా తాత” అని, పని ఆపకుండగనే బదులు చెప్పెను. శుక్రవారము ప్రొద్దు క్రుంకినది మొదలు శనివారము చుక్కలు పొడచూపు వఱకు యూదులకు విశ్రాంతిదినము; ఆ వేళలలో వారు నిప్పు ముట్టరాదు గనుక దీపముల వ్యవహారమంతయు పూర్వము తన తాతగారే చూచుకొనెడివారట. ప్రాయశ్చిత్త దినమునకు గర్భగృహమున తెల్లని తెర కట్టవలెననియు, ఏ గ్రంథపుఁ బెట్టెపై ఏ వస్త్రము కప్పవలెనో అదియు ఆయన నాకు చెప్పినప్పుడు, తన ఇంటి ఆచారమును చెప్పుచున్నట్లే యుండెను. గుడ్డను మడిచి, స్తంభము అడుగున పేరుకొనిన నల్లని మఱకను గోటితో గీచి, మరల తోమసాగెను. ఆయన శ్రద్ధను ఎంత మెచ్చుకొనినను తక్కువయే.

ఇంత కాపుదల యున్నను ఈ మందిరమున నిత్యప్రార్థన లేదు. యూదధర్మము ననుసరించి సామూహిక ప్రార్థనకు పదుమూడేండ్లు నిండిన పురుషులు పదిమంది యుండవలెను. తొమ్మండుగురు మహాపండితులు కూడినను గ్రంథము వెలికి తీసి పఠించుటకు వీలులేదు. రెండవ ప్రపంచయుద్ధ కాలమున, 1942లో బర్మా నుండి పాఱిపోయి వచ్చినవారితో కలిసి, కలకత్తా యూదుల సంఖ్య సుమారు 5,000 వఱకు పెరిగెను. స్వాతంత్ర్యానంతరము కొందఱు లండనునకు, కొందఱు ఇజ్రాయేలునకు, కొందఱు ఆస్ట్రేలియా అమెరికాలకు తరలిపోయిరి. వారినెవ్వరును తఱుమలేదు, ఈ దేశమున యూదులపై ద్వేషము ప్రబలలేదని వారే కృతజ్ఞతతో వ్రాసికొనిరి. పిల్లల వివాహములును వ్యాపారములును బంధువర్గమును ఎచ్చట నుండునో అచ్చటికి మనుష్యుడు పోవును. నేడు మిగిలినవారు ఇరువదిమందికి అటునిటు, వారిలోను పెక్కురు వృద్ధులు.

ఈ సమాజపు ఆరంభము చూచినచో అదియు ఒక్కని రాకతోనే. షాలోమ్ కోహెన్ అను నతడు సిరియా దేశపు అలెప్పో నగరమున పుట్టి, సూరతు మీదుగా 1798లో కలకత్తాకు వచ్చి, రత్నవ్యాపారము చేసి, లక్నో నవాబు దర్బారునకు ఆభరణములు సమకూర్చువాడై ధనమార్జించెను. అతని వెనుక అలెప్పో నుండియు, అంతకుమించి బాగ్దాదు నుండియు కుటుంబములు తరలివచ్చి, నీలిమందు, పట్టు, నల్లమందు వ్యాపారములలో ప్రసిద్ధి కెక్కినవి. నల్లమందు వర్తకము వలన చీనా ప్రజలకు కలిగిన కీడు ఎట్టిదో చరిత్ర ఎఱుగును. ఆ ధనముతో లేచిన భవనములను పొగడునప్పుడు ఆ సంగతిని దాచుట న్యాయము కాదు. నార్కెల్‌డాంగాలోని శ్మశానభూమిని గూర్చి ఒక కథ చెప్పుకొందురు: ఆ భూమి యజమానియగు వంగీయుడు మృతులకొఱకు కోరిన స్థలమునకు వెల పుచ్చుకొననన్నాడట, ఉచితముగా గైకొనుటకు మనసొప్పక కోహెను తన వ్రేలి బంగారుటుంగరమును తీసి అతని చేతిలో నుంచెనట. ఎజ్రా కుటుంబము పేర నొక వీథి నేటికిని కలదు. 1910లో లేచిన ఎస్ప్లనేడ్ మాన్షన్స్ కూడ వారి నిర్మాణమే.

మందిరము నుండి న్యూమార్కెట్టునకు పోయితిని. 1902లో బాగ్దాదు యూదుడొకడు స్థాపించిన నహూమ్ మిఠాయి దుకాణము అచ్చట నేటికిని నడచుచున్నది. పాతకాలపు కొయ్యబల్లల వెనుక గాజుపెట్టెలలో జున్ను కూరిన సంబూసకులు, బాదము మిఠాయిలు, ఎండుపండ్ల కేకులు పేర్చియుండును. క్రిస్మసు దినములలో హిందువులు, ముస్లిములు, క్రైస్తవులు వరుసకట్టి నిలుతురు. యూదుల ఇండ్లలో ఆలు మకల్లా అను వంటకమొకటి కలదు. బంగాళాదుంపలను ముక్కలు చేయకయే ఉడికించి, నూనెలో సన్నని సెగపై చాలసేపు వేచగా, పైపొర గుల్లయై లోపల మెత్తగా నుండును. మాంసమును పాలను కలుపరాదను నియమమును పాటించుచు దానిని వండిన చేతులు కూడ తఱచు ముస్లిము వంటవారివే. పార్కు స్ట్రీటున నున్న యూద బాలికల పాఠశాలను 1881లో స్థాపించిరి. నేడచ్చట యూదబాలిక లేదు. విద్యార్థినులలో అధికులు ముస్లిము బాలికలు.

ఈ చిన్న సమాజమున పుట్టినవారిలో 1947లో మొదటి మిస్ ఇండియాగా ఎన్నికయిన నటి ప్రమీల యొకతె. ఆమె అసలు పేరు ఎస్తేర్ విక్టోరియా అబ్రహాం. 1971 డిసెంబరు 16న ఢాకాలో పాకిస్తాను సేన లొంగిపోవు ఏర్పాటును నడపిన జనరల్ జాకబ్ కూడ కలకత్తా యూదుడే.

ఇచ్చట నిలిచి మన గుంటూరు జిల్లాను తలచుకొనక తప్పదు. చేబ్రోలు సమీపమున కొత్తరెడ్డిపాలెములో బెనె ఎఫ్రాయిమ్ అను తెలుగు యూద కుటుంబములు కొన్ని కలవు. రెండు తరములకు లోపలనే యూదాచారములను చేపట్టి, చిన్న సమాజమందిరము కట్టుకొని, తెలుగున ప్రార్థించుచు హీబ్రూ నేర్చుకొనుచున్నారు. దళితవాడలో పేదఱికమున బ్రతుకువారు వారు. ఎజ్రాల పాలరాతితో వారికి పొందికయే లేదు. అయినను వారికి ప్రార్థనకు కావలసిన పదిమంది కలరు. ఆ సంగతి తలచుకొని నాకు నిజముగా సంతోషము కలిగినది.

ఇక నా మనస్సును అన్నిటికంటె ఎక్కువగా పట్టి యుంచినది కలకత్తా యూదుల వార్తాపత్రికల సంగతి. 1878లో కలకత్తాలో పేరా అను వారపత్రిక పుట్టి సుమారు పదేండ్లు నడచినది. దాని వెనుక షెలొమో త్వేనా అను పండితుడు బాగ్దాదు నుండి వచ్చి, సొంత ముద్రాలయము పెట్టి, మగ్గీద్ మెషారీమ్ అను మఱియొక పత్రికను శతాబ్దాంతము వఱకు నడపెను. భాష అరబ్బీ, లిపి హీబ్రూ. ఓడల రాకపోకలు, నల్లమందు నీలిమందుల ధరలు, వివాహములు, మరణములు, ధర్మసందేహములకు సమాధానములు ఆ పుటలలో నిండియుండెడివి. రంగూను, సింగపూరు, బొంబాయి మొదలగు చోట్లనున్న బంధుజనము వానిని చదివెడివారు. కట్టడములకు ప్రభుత్వపు పురావస్తు శాఖ రక్షణ కలదు. మాగెన్ డేవిడ్‌కును బెత్ ఎల్‌కును ఇటీవలనే జీర్ణోద్ధారము జరిగినది. పాత ఛాయాచిత్రములను కుటుంబ వృత్తాంతములను ఆ సమాజమునకే చెందిన రచయిత్రి జాయెల్ సిలిమన్ గారు పూనికతో సేకరించి ఎల్లరకు అందుబాటులోనికి తెచ్చిరి. కాని ఆ వారపత్రికలను చదువుటకు అరబ్బీ వచ్చినవానికి హీబ్రూ లిపి రావలెను, లిపి తెలిసినవానికి బాగ్దాదు యూదుల మాట తెలియవలెను. రెండును నేర్చినవారు లోకమున బహు కొద్దిమంది. కలకత్తాలో అరబ్బీ బోధించు విద్యాలయములకు కొదువలేదు. అచ్చటి విద్యార్థులలో ఏ ఇద్దఱు ముగ్గురైనను ఆ ఇరువదిరెండు హీబ్రూ అక్షరములను నేర్చుకొని కూర్చున్నచో పని ఆరంభమగును. దానికి ధనసాహాయ్యము చేయు సంస్థ ఏదైనను ముందునకు వచ్చినచో, ఆ పత్రికలను మొదటి సంచిక మొదలుకొని వంగభాషలోను ఇంగ్లీషులోను ప్రకటింపవలెనని నా కోరిక.