పేరు ఫార్సీ, వేరు ఇక్కడిది

"గులాబీ కూడా మీవాళ్లు బయటినుంచి తెచ్చిందేగా!" నవ్వుతూనే అన్నాడు ఓ దోస్త్. గుండెలో ముల్లు దిగింది.

నాయుడుపేటలో మా అమ్మీ ఏటా సెహన్‌లో గులాబ్ కలమ్ నాటేది. ఏటా ఎండకు మాడేది. "విలాయతీ మొక్క బేటా, మన ధూప్ తట్టుకోలేదు" అనేది.

ఇద్దరి మాటా పూర్తి సచ్ కాదు. 1882లో జార్జ్ వాట్ మణిపూర్ కొండల్లో ఒక అడవి గులాబీ చూశాడు. పేరు రోజా జైగాంటియా. చెట్లెక్కి పాకే తీగ, మిగతా గులాబీలకన్నా ముందే పూస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో ఐఏఎస్‌గా పనిచేసిన వీరరాఘవన్ కొడైకెనాల్‌లో దాని వంశాన్ని తోట గులాబీలతో కలిపారు, వేడి నేలల్లో బతికే పూల కోసం. అలా పుట్టిందే 'మణిపూర్ మ్యాజిక్'.

గులాబ్ అనే లఫ్జ్ ఫార్సీ, ఈ తీగ వేరు ఇక్కడిది. నా పేరు అరబీ, వేరు నాయుడుపేట. దోస్త్‌కు ఇదే నా జవాబ్.

అమ్మీ ఉండి ఉంటే ఓ కలమ్ తెచ్చిచ్చేవాణ్ణి.