ఇరవై నిమిషాల గోల్ఫ్

రాత్రి పాప నిద్రపోయాక హాల్లో కార్పెట్ పరిచి, స్టీలు గ్లాసు పడుకోబెట్టి, గోల్ఫ్ బంతిని అందులోకి దొర్లిస్తాను. 20 నిమిషాలు. అదే నా ప్రాక్టీసు. నా సహచరుడికి ఆదివారం పొద్దున్నంతా ఉంటుంది. "నువ్వూ రావచ్చుగా" అంటాడు. పాపని ఎవరికిచ్చి?

లెక్క చూసుకున్నాను. 72 దెబ్బల కోర్సులో, గుంటకి రెండు చొప్పున 36 దెబ్బలు గ్రీన్ మీద మెల్లగా దొర్లించడానికే. దూరం కొట్టడం నేర్చుకోడానికి మైదానం కావాలి, పూటంతా కావాలి. దీనికి గ్లాసు చాలు. మూడడుగుల నుంచి వరసగా పది పడాలి. తొమ్మిదోది తప్పితే మళ్ళీ ఒకటి నుంచి. (పీహెచ్‌డీ కూడా ఇలాగే రాశాను.)

స్కాట్లండ్‌లోని సెయింట్ ఆండ్రూస్‌లో 1867లోనే ఆడవాళ్ళు క్లబ్బు పెట్టుకున్నారు. కర్రని భుజం పైకెత్తడం స్త్రీకి మర్యాద కాదన్న రోజులు. వాళ్ళకి దక్కింది దొర్లించే పచ్చిక మాత్రమే. ఎత్తుపల్లాల ఆ నేలని 'హిమాలయాలు' అంటారు. ఆ ఊళ్ళోనే ఉన్న రాయల్ అండ్ ఏన్షియంట్ క్లబ్బు ఆడవాళ్ళని చేర్చుకోడానికి ఒప్పుకున్నది 2014లో! చదివి కోపమొచ్చింది. తర్వాత నామీద నాకే అనుమానమొచ్చింది. మిగిలిన కాస్త జాగాని నేనూ తెలివైన పద్ధతని చెప్పుకుంటున్నానా?

మొన్న సంక్రాంతికి అమ్మ వస్తే పాపని వదిలి ఇద్దరం ఆడాం. దూరంలో అతనే. గ్రీన్ మీద అతను మూడేసి దెబ్బలు తిన్నచోట నాకు రెండే.

"ఎక్కడ నేర్చుకున్నావ్?"

"హాల్లో. వచ్చే ఆదివారం పాప దగ్గర నువ్వుండు."

అయిదింటికి అలారం పెట్టుకున్నాను.