కోలారు దిబ్బలు

ఉర్దూలో ‘కీమియా’ అను మాటకు రసాయనశాస్త్రమనీ, హీనలోహాన్ని బంగారంగా మార్చే విద్య అనీ రెండర్థాలు. రెండవదానిని తెలుగులో రసవాదమంటాము. వేమనయోగి తొలుత ఆ విద్య వెంట పడ్డాడని జనశ్రుతి. ఇనుము బంగారం కాలేదు గాని, పారబోసిన మట్టిలో మిగిలిన బంగారాన్ని రాబట్టే విద్య మాత్రం మనిషికి పట్టుబడింది. తెలుగు పాఠం చెప్పుకొనే మాకు ఈ సంగతి ఎందుకని విద్యార్థులు అడుగవచ్చు. కోలారు దిబ్బలను చూచి వచ్చిన నాటినుండి ఆ ఆలోచన మమ్ము విడువలేదు.

చిత్తూరు సీమకు ఆవల, తెలుగు ధారాళంగా వినిపించే కోలారు ప్రాంతంలో 1880 దరిదాపుల ఆంగ్లేయ కంపెనీ లోతుగనుల త్రవ్వకం ఆరంభించింది. గనులు మూడు కిలోమీటర్లకు మించి దిగాయి. 2001 ఫిబ్రవరి 28న మూతపడ్డాయి. బంగారం వెళ్ళిపోయింది; దిబ్బలు మిగిలాయి. రాతిని పిండిచేసి, బంగారం తీసుకొని, పారబోసిన మట్టి అది: 13 దిబ్బలు, సుమారు 3 కోట్ల 30 లక్షల టన్నులు. అక్కడివారు వాటిని ‘సైనైడు దిబ్బలు’ అంటారు. టన్నుకు గ్రాము మాత్రపు బంగారం ఇంకా ఉందని అంచనా. దానిని తీసే కేంద్ర ప్రతిపాదనకు 2024 జూన్‌లో కర్ణాటక మంత్రివర్గం ఆమోదం తెలిపింది.

ఇట్టి మట్టినుండి బంగారం తీసే పద్ధతులలో ఒకటి వినడానికి సులువు. నీరు ఇంకని పరుపు వేసి, దానిపై మట్టిని కుప్పపోస్తారు. మట్టి మరీ మెత్తనిదైతే ద్రావణం దిగదు గనుక సిమెంటో సున్నమో కలిపి ఉండలు కట్టిస్తారు. పైనుండి పలుచని సోడియం సైనైడు ద్రావణాన్ని చుక్కలుగా వదలుతారు. గాలిలోని ఆమ్లజని తోడ్పాటుతో అది బంగారాన్ని కరిగించుకొని, వారాల తరబడి దిగి, అడుగున తొట్టిలో చేరుతుంది. ఉత్తేజిత బొగ్గు గుండా పోనిస్తే బంగారం బొగ్గును అంటుకొంటుంది. రాగి దిబ్బలకైతే పలుచని గంధకికామ్లం వాడతారు; అక్కడ కంటికి కానరాని సూక్ష్మజీవులు కూడ పనికి తోడవుతాయి.

అయితే సైనైడు విషం. ద్రావణంలో సున్నం తగ్గి క్షారగుణం పోతే ప్రాణాంతకమైన వాయువు వెలువడుతుంది. ప్రమాదం ఊహ కాదు. 2000 జనవరి 30న రొమేనియాలోని బాయా మారె వద్ద, ఇట్లే పాత గని మట్టినుండి బంగారం తీసే కర్మాగారపు కట్ట తెగింది. సుమారు లక్ష ఘనమీటర్ల సైనైడు నీరు నదులలో కలిసి, హంగరీలోని టీసాకు, అటనుండి డాన్యూబుకు చేరింది. టీసాలో చేపలు గుట్టలుగా చచ్చాయి.

మేము వెళ్ళిన నాడు గాలి బలంగా ఉంది. దిబ్బ మీది పొడి లేచి ఇళ్ళ వైపు సాగుతోంది. గనిలో పనిచేసి దిగిపోయిన ఒక వృద్ధుణ్ణి, “తాతా, ఈ దిబ్బలు తవ్వితే మీకు మేలేనా?” అని అడిగాము. “మేలే సారూ, దుమ్మన్నా తప్పుతుంది. బంగారం తీసుకొని మళ్ళీ ఈడే దిబ్బ పోసిపోతేనో?” అన్నాడు.

ఆ ప్రశ్న శాస్త్రసమ్మతం. టన్ను మట్టినుండి గ్రాము బంగారం తీస్తే మిగిలేది టన్ను మట్టే. పైగా దానిలో ఈసారి కొత్త విషం కూడ ఉండవచ్చు. దానిని కడగాలి, విరగగొట్టాలి, కప్పాలి, పచ్చిక మొలిపించాలి. ఈ ఖర్చును ముందే పద్దులో వ్రాయకపోతే, లాభం ఒకరిదీ దిబ్బ మరొకరిదీ అవుతుంది.

మన విద్యార్థులలో రసాయనశాస్త్రమో, న్యాయశాస్త్రమో, వాణిజ్యమో చదివి వెళ్ళేవారికి ఏదో ఒకనాడు ఇట్టి లెక్కలు చూడవలసి రావచ్చును. అప్పుడు వచ్చిన బంగారమెంత అన్న పద్దు ప్రక్కనే, మిగిలిన మట్టి ఎవరి ముంగిట పోశారన్న పద్దు కూడ వ్రాయించండి. ఆ రెండవది లేని కీమియా సగం విద్యే.