ఉప్పుమళ్ల ఊరి నుంచి చంద్రగిరికి

శ్రీకాకుళం జిల్లా తీరంలోని మా మూలపేటలో చలికాలమంటే తెల్లవారుజామున కాస్త మంచు, పొద్దెక్కేసరికి మళ్లీ ఉప్పుగాలి. దుప్పటి బిగించి కప్పుకొనే చలిని సముద్రం మా తీరానికి రానివ్వదు. ఆ చలి కావాలంటే కొండెక్కాలి. కొండలు మాకు దూరమేమీ కాదు. టెక్కలి, పలాస, మందస ఎక్కడ నిలబడి చూసినా తూర్పు కనుమలు కనిపిస్తూనే ఉంటాయి. అయినా సెలవు దొరికితే మావాళ్లు అరకు అంటారు, లేకపోతే లంబసింగి అంటారు. మోటారుసైకిల్ మీద పొద్దున్న బయల్దేరితే సాయంత్రానికి నింపాదిగా చేరుకోగల చంద్రగిరి సంగతి చాలామందికి తెలియదు. ఒడిశాలోని గజపతి జిల్లాలో, కొండల నడుమ టిబెట్ శరణార్థులు కట్టుకున్న ఊరది. దాని పక్కనే జిరంగ్‌లో పెద్ద బౌద్ధ మఠం ఉంది. డిసెంబరులో ఒక శని, ఆదివారాల్లో నేనూ మా బావా అక్కడికి వెళ్లొచ్చాం.

బావది ఉప్పుమళ్ల పని. వానలు వెళ్లి, మళ్లు మళ్లీ కట్టుకునే లోపు దొరికే నాలుగు వారాలే అతనికి తీరిక. నాకు బడి. పెళ్లికి ముందు మేనబావ, పెళ్లయ్యాక కూడా బావే. కానీ పెళ్లిళ్లకూ పేరంటాలకూ తప్ప ఇద్దరమే కలిసి ఊరు దాటింది తక్కువ. అత్త జీడిపప్పు పొట్లం కట్టి సంచిలో పెట్టి, "చెవులకి గుడ్డ కట్టుకోండర్రా" అని పదిసార్లు చెప్పి పంపింది.

నౌపడ దాకా దారికి రెండు పక్కలా ఉప్పుమళ్లే. ఆ కాలంలో వాటిలో నీళ్లు నిండుగా ఉండి ఆకాశం దిగివచ్చినట్టుంటుంది. తేలినీలాపురం చింతచెట్ల మీదికి వలస వచ్చే గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు ఆ నీళ్లలో మేత వెతుక్కుంటున్నాయి. నౌపడ జంక్షన్ దగ్గర బావ బండి ఆపి టీ తాగాడు. మద్రాసు నుంచి కలకత్తా వెళ్లే రైలుమార్గం మీది ఈ చిన్న స్టేషన్ నుంచే పర్లాకిమిడి రాజులు కొండల వైపు నేరోగేజి లైను వేయించారు. 1900లో రైలు పర్లాకిమిడి చేరింది, తర్వాతి కాలంలో గుణుపురం దాకా సాగింది. మా తాతలు ఆ చిట్టి రైలెక్కి ఉప్పూ ఎండుచేపలూ పట్టుకుని పైకి వెళ్లి, చింతపండూ పసుపూ తెచ్చుకునేవారు. 2004లో దాన్ని ఆపి బ్రాడ్‌గేజిగా మార్చారు, 2011లో మళ్లీ గుణుపురం దాకా రైలు నడిచింది. తీరానికీ కొండకూ ఉన్న బంధుత్వానికి ఇంతకంటే గట్టి సాక్ష్యం నాకు కనబడదు.

టెక్కలి దాటి, పాతపట్నంలో నీలమణి దుర్గమ్మకు దండం పెట్టుకుని పర్లాకిమిడిలోకి వెళ్లాం. మధ్యలో రాష్ట్రం మారిందని బోర్డులు చెబుతాయి గానీ బజారులో మాట మారదు. దుకాణం ముందు బోర్డు ఒడియాలో ఉంటుంది, లోపల బేరం తెలుగులో నడుస్తుంది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రమైనప్పుడు ఈ ఊరు అటు వెళ్లింది, పాతపట్నం ఇటు ఉండిపోయింది. గిడుగు రామమూర్తి పంతులు గారు బడిపంతులుగా ఉద్యోగం చేసింది ఈ ఊళ్లోనే. ఇక్కడినుంచే ఆయన ఈ కొండల్లోని సవర గిరిజనుల మాట నేర్చుకున్నారు, ఆ భాషకు వ్యాకరణం, నిఘంటువు సిద్ధం చేశారు, సవర పిల్లలకు వాళ్ల మాటలోనే చదువు చెప్పాలని పట్టుబట్టారు. వాడుక తెలుగు కోసం ఆయన చేసిన పోరాటం అందరికీ తెలుసు. సవర గూడేల కోసం పడిన పాటు కూడా అంతటిదే అని, బడిలో పాఠం చెప్పే మనిషిగా నా నమ్మకం.

పర్లాకిమిడి దాటాక కొండదారి మొదలవుతుంది. ఆర్. ఉదయగిరి వైపు ఎక్కేకొద్దీ గాలి తేలికవుతూ వచ్చింది. ముందు చెమట ఆగింది, తర్వాత చేతులు చల్లబడ్డాయి, ఆ తర్వాత బావ బండి ఆపి స్వెటర్ తొడుక్కున్నాడు. "ఏటే, చలేస్తందా?" అన్నాడు. "ఏయడానికే కదా వచ్చాం, పద బావా" అన్నాను. సవర గూడేల్లో కందికాయలు కోస్తున్నారు. గోడలకు ఎర్రమట్టి అలికి, వాకిట్లో రాగులు ఆరబోసుకున్నారు. ఒక మలుపులో కొండ విరిగిపడిన చోట కొత్త చెట్లు మొలుస్తున్నాయి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను మా ఉద్దానం ప్రాంతంలోని కొబ్బరినీ జీడినీ పడగొట్టి, అదే ఊపున ఈ కొండల్లోకి వచ్చింది. గజపతి జిల్లాలో కొండచరియలు విరిగిపడి మనుషులు పోయారు. ఆ రోజుల్లో మా కష్టమే మాకు సరిపోయింది, పైన ఏం జరిగిందో పట్టించుకునే ఓపిక లేకపోయింది.

కుడిచేతి వైపు ఎక్కడో మహేంద్రగిరి ఉంది. 1,501 మీటర్ల ఎత్తు. ముఖలింగం రాజధానిగా కళింగాన్ని ఏలిన గంగరాజులు ఆ శిఖరం మీది గోకర్ణేశ్వరుణ్ణి తమ కులదైవమని శాసనాల్లో రాయించుకున్నారు. శివరాత్రికి మా ప్రాంతం నుంచి జనం ఇప్పటికీ ఆ కొండెక్కుతారు. అక్కడ పుట్టిన మహేంద్రతనయ ఒక పాయగా పాతపట్నం మీదుగా వచ్చి వంశధారలో కలుస్తుంది, ఇంకో పాయ సోంపేట వైపు వచ్చి బారువ దగ్గర సముద్రంలో కలుస్తుంది. మేం వర్షాకాలంలో ఎర్రగా పొంగే ఏరునే చూస్తాం, దాని పుట్టిల్లు ఈ అడవి. ఈ చెట్లు నిలిస్తేనే కింద మా బావుల్లో నీళ్లుంటాయి.

చంద్రగిరి చేరేసరికి పొద్దు వాలుతోంది. ముందుగా కనబడేవి జెండాలు. నీలం, తెలుపు, ఎరుపు, ఆకుపచ్చ, పసుపు గుడ్డముక్కలు, ఒక్కోదాని మీద మంత్రాలు అచ్చువేసి, చెట్టు నుంచి చెట్టుకు తాళ్లతో కట్టి ఉన్నాయి. ఆకాశం, గాలి, నిప్పు, నీరు, నేల అని ఆ రంగుల లెక్క. గాలికి అవి ఆడినప్పుడల్లా ప్రార్థన నలుదిక్కులా పోతుందని వాళ్ల నమ్మకం. కోసేసిన మొక్కజొన్న చేలు, రేకుల కప్పుల ఇళ్లు, ప్రతి ఇంటి ముందూ బంతిపూల కుండీలు. టిబెట్ జాతి కుక్క ఒకటి, దూడంత ఉంది, అరుగు మీద పడుకుని మమ్మల్ని చూసి కళ్లు మూసుకుంది.

1959లో దలైలామా టిబెట్ విడిచి మన దేశానికి వచ్చినప్పుడు ఆయన వెనక వేల కుటుంబాలు మంచుకొండలు దాటి వచ్చాయి. చాలామంది తొలి ఏళ్లలో హిమాలయాల్లో రోడ్డుపనికి వెళ్లారు. దేశంలో అక్కడక్కడ వాళ్లకు భూములు ఇచ్చి స్థిరపరిచారు. 1963లో ఇక్కడ వెలిసిన స్థావరం పేరు ఫున్‌త్సోక్‌లింగ్. ఐదు శిబిరాలుగా ఇళ్లు వేసుకున్నారు. బార్లీ పండించిన చేతులు మొక్కజొన్న నేర్చుకున్నాయి. పంట చాలని ఇళ్లవాళ్లు శీతకాలంలో ఊళ్లూళ్లూ తిరిగి ఉన్ని బట్టలు అమ్ముతారు. విశాఖలో చలికాలం వచ్చిందంటే రోడ్డు పక్కన కనబడే టిబెట్ స్వెటర్ల దుకాణాలు మనకు కొత్త కాదు. వాటి వెనక ఇలాంటి ఊళ్లు ఉన్నాయని ఇక్కడికొచ్చాక తెలిసింది. అందుకే డిసెంబరులో ఊళ్లో వయసువాళ్లు పలచగా ఉంటారు, ముసలివాళ్లూ పిల్లలూ ఎక్కువ. వ్యాపారం ముగించి, లోసార్ అనే తమ కొత్త సంవత్సరానికి అందరూ ఇల్లు చేరతారు.

మఠం చూస్తే ఇంత మారుమూల ఇంత కట్టడమా అనిపిస్తుంది. పద్మసంభవ మహావిహారం అని పేరు. 2010 జనవరిలో దలైలామా వచ్చి ప్రారంభించారు. అంతస్తుల మీద అంతస్తులుగా బంగారు రంగు కప్పులు, లోపల పెద్ద బుద్ధుడు, గోడల నిండా రంగుల చిత్రాలు. కుర్ర భిక్షువులు వరుసగా కూర్చుని పొడుగాటి విడి కాగితాల గ్రంథాలు ముందు పెట్టుకుని ఒకే గొంతుగా చదువుతున్నారు. మధ్యమధ్య డప్పు మోగుతుంది, పెద్ద బాకా ఊదుతారు, ఆ నాదం కాళ్ల కింద నేలలో తెలుస్తుంది. చెప్పులు విడిచి, మాటలు తగ్గించి, ఎడమ నుంచి కుడికి తిరిగి రావాలి.

ఎనిమిదో శతాబ్దంలో టిబెట్‌కు బౌద్ధం తీసుకెళ్లిన గురువుల్లో పద్మసంభవుడు ముఖ్యుడు. ఆయన బొమ్మ ముందు నిలబడితే నాకు మా శాలిహుండం గుర్తొచ్చింది. కళింగపట్నం దగ్గర, వంశధార ఒడ్డున ఉన్న ఆ కొండ మీద స్తూపాలతో పాటు తార, మారీచి విగ్రహాలు దొరికాయి. అంటే టిబెట్‌వాళ్లు ఇప్పుడు కొలిచే తార ఒకప్పుడు మా జిల్లాలో కొలువుదీరిన తల్లే. మనం మరిచిపోయి మ్యూజియంలో పెట్టిన దేవతకు ఇక్కడ రోజూ దీపం పెడుతున్నారు. నేనూ ఒక దీపం వెలిగించాను.

రాత్రి ఒక చిన్న హోటల్లో తుక్పా తాగాం. నూడుల్స్, ఆకుకూర, మాంసం ముక్కలు వేసి కాచిన వేడి పులుసు. గిన్నెను రెండు చేతులా పట్టుకుంటే వేళ్లకు ప్రాణం వచ్చింది. బావకు కారం చాలలేదు. పక్క బల్ల దగ్గర జపమాల తిప్పుతూ కూర్చున్న ముసలామె మిరపకాయల పచ్చడి గిన్నె ఇటు జరిపి, "ఇది ఏసుకో బాబూ" అంది తెలుగులో. విశాఖలో ఎన్నో చలికాలాలు స్వెటర్లు అమ్మిందట. ఈ ఏడు కోడలు వెళ్లింది.

"ఏ ఊరు మీది?"

"టెక్కలి దగ్గరండి, మూలపేట."

"టెక్కలి తెలుసు. సముద్రం పక్క."

వాళ్లమ్మ టిబెట్ నుంచి నడిచి వచ్చిందని, తను మాత్రం ఇక్కడే పుట్టానని చెప్పింది. "వచ్చేటప్పుడు అమ్మగారు ఏం తెచ్చుకున్నారు?" అని అడిగాను. మూడు వేళ్లు చూపించి లెక్కపెట్టింది. "దేవుడి బొమ్మ. పిండి సంచి. మా అక్క."

గదికి వచ్చాక మూడు దుప్పట్లు కప్పుకున్నా చాలాసేపు నిద్ర పట్టలేదు. "మనవాళ్లు ఏం తీసుకెళ్తారే?" అన్నాడు బావ చీకట్లో. అతను దేని గురించి అంటున్నాడో విడమరిచి చెప్పక్కర్లేదు. మా మూలపేటలో ఓడరేవుకు 2023 ఏప్రిల్‌లో శంకుస్థాపన జరిగింది. పక్కనున్న విష్ణుచక్రం కుటుంబాలు ఊరు ఖాళీ చేసి నౌపడ దగ్గర కాలనీకి మారాలన్నారు. రేవు వస్తే పిల్లలకు పనులొస్తాయని ఆశ ఉంది, వలస తగ్గుతుందని ఆశ ఉంది. ఆ ఆశ నాకూ ఉంది. చెన్నైకీ ముంబయికీ పోయిన మా కుర్రాళ్లు ఇంటి దగ్గర బతకాలని కోరుకోని ఇల్లు ఉద్దానంలో లేదు. కానీ నష్టపరిహారం లెక్కల్లో ఇల్లు ఉంటుంది, చెట్టు ఉంటుంది, గజాల్లో నేల ఉంటుంది. అమ్మవారి సంబరం, పక్కింటి అరుగు, వల ఆరేసుకునే ఇసుక ఆ కాగితాల్లో ఉండవు. ఆ రాత్రి మేం ఆ లెక్కే వేసుకున్నాం. పెళ్లయిన ఇన్నేళ్లలో ఇంత తీరుబడిగా, ఇంత మనసు విప్పి మాట్లాడుకున్నది అప్పుడే.

ఆదివారం ఉదయం మంచులో శిబిరాల్లో నడిచాం. బడి ఉంది, వృద్ధాశ్రమం ఉంది, సహకార సంఘం ఉంది. ముసలాళ్లు చేతిలో చిన్న ప్రార్థనా చక్రాలు తిప్పుతూ మఠం వైపు వెళ్తున్నారు. పిల్లలు ఒడియా, హిందీ, టిబెటన్ మూడూ కలగలిపి ఆడుకుంటున్నారు. ఒక ఇంటి అరుగు మీద కంకులు ఒలుస్తున్న తాత మాకు రెండు కాల్చి ఇచ్చి, డబ్బులిస్తే చెయ్యి అడ్డం పెట్టాడు. అత్త కట్టిచ్చిన జీడిపప్పులో సగం ఆయన దోసిట్లో పోశాం.

తిరుగుదారి తప్తపాణి మీదుగా. చలిలో నుంచి వచ్చి అక్కడి గంధకం వాసన వేసే వేడినీటి ఊటలో పాదాలు పెడితే ప్రయాణం బడలికంతా దిగిపోయింది. అక్కడినుంచి ఘాట్ దిగి దిగపహండి, బరంపురం, తర్వాత జాతీయ రహదారి మీద ఇచ్ఛాపురం, సోంపేట, పలాస. చీకటి పడ్డాక ఇంటికి చేరాం.

వెళ్లాలనుకునే జంటలకు రెండు మాటలు. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. ఊరంతా కళకళలాడుతూ చూడాలంటే లోసార్ దగ్గర వెళ్లండి. వానాకాలంలో కొండదారి పచ్చగా ఉంటుంది గానీ మలుపుల్లో జాగ్రత్త. ఒంటికి ఉన్ని బట్టలుండాలి, బండికి పర్లాకిమిడిలోనే పెట్రోలు నింపుకోవాలి. మఠం పూజామందిరమని మరవకండి, లోపల ఫోటోలకు ముందు అడగండి. గూడేల్లో మనుషులను అడగకుండా ఫోటో తీయకండి.

ఇక నా మాట. చంద్రగిరి వాళ్లు పోగొట్టుకున్నది ఒక దేశం. మా తీరం మీద జరుగుతున్నదాన్ని దానితో తూచడం న్యాయం కాదు. కానీ ఊరు కదిలినప్పుడు ఊరుగానే నిలబడటం ఎలాగో వాళ్లను చూసి నేర్చుకోవచ్చు. కలిసి వచ్చినవాళ్లు శిబిరాలుగా కలిసే ఉన్నారు. గుడినీ బడినీ మాటనూ విడవలేదు. ముసలివాళ్లకు చోటు ఉంచారు. మన పునరావాస కాలనీల్లో కూడా పక్కపక్క ఇళ్లవాళ్లకు పక్కపక్కనే స్థలాలివ్వాలి. అమ్మవారి గద్దెకూ సంబరానికీ ముందే నేల విడిచిపెట్టాలి. వేటకెళ్లేవాడికి సముద్రం దాకా దారి ఉండాలి. ఊరి పేరు కొత్త బోర్డు మీద కూడా అదే ఉండాలి. వీటికి కోట్లు అక్కర్లేదు, ముందుగా ఆ ఊరివాళ్లను కూర్చోబెట్టి అడిగితే చాలు. వచ్చే గ్రామసభలో నేను లేచి అడగబోయేవి ఇవే. బావ పక్కన నిలబడతానన్నాడు.